తొమ్మిది పౌన్ల భయం

క్లేర్‌మాంట్ భవనంలో 1817 ఆగస్టు నుంచి కడుపునిండా తినడానికి వీల్లేని మనిషి ఒక్కతే. ఆమె ఆ ఇంటి ఇల్లాలు, బ్రిటన్ యువరాణి షార్లెట్. వయసు 21. కడుపులో ఏడో నెల. లండన్ దాటాక ఈషర్ దగ్గర తోటల మధ్య కట్టిన ఆ ఇంట్లో దేనికీ కొదవలేదు. పెట్టవద్దన్నది వైద్యులు. బిడ్డ మరీ పెద్దదయ్యేట్టుంది, తల్లి తిండి తగ్గిస్తే బిడ్డ ఒళ్ళూ తగ్గుతుంది, కాన్పు తేలికవుతుంది అని వాళ్ళ లెక్క.

బిడ్డ పెద్దదని ఎలా తెలిసింది? తల్లిని చూసి అనుకున్నారు. అంతకుముందు రెండుసార్లు ఆమెకు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచింది. షార్లెట్ ఇష్టంగా తిన్నది, పెద్దగా తిరగలేదు, చిత్రకారుడు సర్ థామస్ లారెన్స్ ముందు బొమ్మకు కూర్చుంది. ఒళ్ళు చేసింది. కడుపు మీద చెయ్యి వేసి తడిమి చూడటం తప్ప లోపలి బిడ్డను కొలిచే సాధనం ఆనాడు లేదు. బిడ్డ గుండె చప్పుడు చెవికి వినబడుతుందని జెనీవా వైద్యుడు ఫ్రాంస్వా మాయోర్ చెప్పింది మరుసటి ఏడాది, 1818లో. గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ కడుపులోపలి అల్ట్రాసౌండ్ బొమ్మల్ని వైద్యలోకం ముందు పెట్టింది 1958లో.

ఆ కాన్పు బాధ్యత సర్ రిచర్డ్ క్రాఫ్ట్‌ది. పెద్దింటి పురుళ్ళు పోయడంలో లండన్‌లో పేరున్నవాడు. ఆయన చెప్పినట్టు కఠినమైన పథ్యం మొదలైంది. మధ్యమధ్య నరం కోసి రక్తం తీశారు. ఇది క్రాఫ్ట్ ఒక్కడి బుద్ధి అనలేం. ఆ రోజుల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు రక్తం తీయడం మామూలు వైద్యమే.

భర్త లియోపోల్డ్ వెంట జర్మనీ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ స్టాక్‌మార్‌కు మాత్రం ఇది మింగుడుపడలేదు. కాలం చెల్లిన పద్ధతి అనుకున్నాడు. అయినా కాన్పు చూసే వైద్యుల్లో చేరడానికి ఒప్పుకోలేదు. తాను పరాయి దేశస్థుడు, ఏదైనా జరగరానిది జరిగితే నింద తన మీదికి వస్తుంది. ఆయన భయం నాకు అర్థమవుతుంది. అయినా ఈ ఉదంతం చదివినప్పుడల్లా ఆ ఇంట్లో తప్పని తెలిసిన ఒక్క మనిషీ గట్టిగా నోరు తెరవలేదే అని కడుపు రగులుతుంది.

షార్లెట్ కడుపు మీద ఎంత భారం పెట్టారో కూడా చూడాలి. ముసలి రాజు మూడో జార్జికి పుట్టినవాళ్ళు 15 మంది, అప్పటికి బతికున్నవాళ్ళు 12 మంది. అంతమందికీ కలిపి వారసత్వానికి చెల్లే మనవరాలు షార్లెట్ ఒక్కతే. రాజు మతి చలించి విండ్సర్‌లో పడివున్నాడు. ఆయన బదులు రాజ్యం నడుపుతున్న కొడుకు ప్రిన్స్ రీజెంట్, షార్లెట్ తండ్రి. ఆయనకూ భార్య కరోలైన్‌కూ పొసగలేదు, ఆమె దేశమే విడిచి వెళ్ళిపోయింది. ఆ కీచులాటల మధ్య పెరిగిన పిల్ల 1816 మే 2న తాను మెచ్చినవాణ్ణి చేసుకుంది. ఇప్పుడు ఆమెకు పుట్టబోయేది ఆడో మగో అని ఊళ్ళో పందేలు కాస్తున్నారు. ఆడపిల్లయితే స్టాకు మార్కెట్ రెండున్నర శాతం లేస్తుందని, మగపిల్లాడైతే ఆరు శాతం లేస్తుందని లెక్కలు కట్టినవాళ్ళూ ఉన్నారు. మన దగ్గర తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి వెళుతుంది, తల్లి పక్కన పడుకుంటుంది. షార్లెట్‌కు తల్లి దగ్గర లేదు. నాయనమ్మ రాణి బాత్ పట్టణంలో ఉంది. పక్కన ఉన్నది భర్త.

రెండు వందల ఏళ్ళ కిందటి ఆ పథ్యం మనకు కొత్త కాదు. తొమ్మిదో నెల చూలాలికి మన ఊళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పే మాట అదే. "ఇక కాస్త తగ్గించి తినమ్మా, బిడ్డ పెద్దదైతే నీకే కష్టం." ఆ మాటలో ప్రేమే ఉంటుంది. కాన్పు గదిలోకి వెళ్ళి తిరిగి రాని ఆడవాళ్ళను ఎరిగిన తరం అది. ఇంకో ఇంట్లో ఇదే బెంగ తిరగబడి ఉంటుంది. "స్కానులో రెండు కిలోలే అన్నారట, నువ్వసలు తింటున్నావా?" మొత్తానికి ఎటు తిరిగినా తప్పు ఆ పిల్ల కంచంలోనే వెతుకుతారు. ఆస్పత్రి నుంచి వచ్చిన రిపోర్టులో అందరి వేలూ ఆగేది బరువు రాసిన గీత దగ్గరే.

ఆ బరువు ఎలా వస్తుందో ఆ పిల్లకు ఎవరైనా చెబితే సగం నిద్ర తిరిగొస్తుంది. బిడ్డను కడుపులో ఎవరూ తూచరు. తల ఎంత వెడల్పు, పొట్ట చుట్టుకొలత ఎంత, తొడ ఎముక ఎంత పొడవు అని కొలిచి, ఒక సూత్రంలో వేసి అంచనా కడతారు. ఆ అంచనా పది పదిహేను శాతం అటూ ఇటూ కావడం మామూలే. స్కానులో మూడున్నర కిలోలన్న బిడ్డ పుట్టేసరికి మూడు కిలోలుండవచ్చు, నాలుగు దగ్గరికీ రావచ్చు. నెలలు నిండేకొద్దీ, బిడ్డ పెద్దదయ్యేకొద్దీ కొలత మరింత కష్టం. కాబట్టి డాక్టర్లు ఒక్క అంకెను కాక పెరుగుదల తీరును చూస్తారు, ఉమ్మనీరు చూస్తారు, బిడ్డ చిన్నదని అనుమానం వస్తే బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో చూస్తారు, పెద్దదనిపిస్తే తల్లికి షుగర్ ఉందేమో పరీక్షిస్తారు. షుగర్ ఉన్న తల్లికి ఆహారం మార్చడం నిజంగా అవసరం. ఆ మార్పు ఆకలితో మాడ్చడం కాదు, ఏది ఎంత తినాలో చూసుకోవడం.

తల్లిని మాడ్చితే బిడ్డ తగ్గుతుందా అన్నది షార్లెట్‌తో ముగిసిన ప్రశ్న కాదు. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ ప్రోకోవ్నిక్ 1889లో, కటి ఇరుకుగా ఉన్న తల్లుల కోసం చివరి నెలల్లో పిండిపదార్థాలు, నీళ్ళు బాగా తగ్గించే పథ్యం ఒకటి రాశాడు. దానికి చాలా దేశాల్లో ఆదరణ దొరికింది. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంతో హాలండ్‌లో కరువు పడింది. కోరి ఎవరూ చెయ్యకూడని పరీక్ష అది. చివరి మూడు నెలలు ఆకలితో గడిపిన తల్లులకు పుట్టిన బిడ్డలు సగటున 300 గ్రాములు తగ్గి పుట్టారు. తల చుట్టుకొలత మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. కాన్పులో దారి చూసుకుని రావలసింది తల. పస్తుల వల్ల కరిగింది బిడ్డ ఒంటి మీది కండ, కొవ్వు.

మళ్ళీ క్లేర్‌మాంట్‌కు వద్దాం.

కాన్పు తేదీ అక్టోబరు 19 అనుకున్నారు. ఆ రోజు వచ్చింది, పోయింది. నెలాఖరైనా నొప్పుల జాడ లేదు. నవంబరు 2, ఆదివారం నాడు షార్లెట్ భర్తతో కలిసి బండిలో షికారు వెళ్ళొచ్చింది. సోమవారం సాయంత్రం ఏడు ప్రాంతంలో నొప్పులు మొదలయ్యాయి. అరవనని, కేకలు పెట్టనని నర్సు మిసెస్ గ్రిఫిత్స్‌కు మాట ఇచ్చింది. ఆ రాత్రే లండన్‌కు కబురు వెళ్ళింది. రాజవంశపు బిడ్డ పుడితే పెద్దమనుషులు సాక్ష్యం పలకాలి. ఆర్చిబిషప్ ఆఫ్ కాంటర్‌బరీ, లార్డ్ ఛాన్స్‌లర్, హోం మంత్రి, మరికొందరు బండ్లు కట్టించుకుని చీకట్లో వచ్చి పక్క గదిలో కూర్చున్నారు.

క్రాఫ్ట్ ఆమెను లేచి అటూ ఇటూ నడవమన్నాడు. తిండి మాత్రం పెట్టనివ్వలేదు. మూడు నెలలుగా పథ్యంలో ఉన్న ఒళ్ళు, పథ్యంలోనే నొప్పులు పడుతోంది.

గర్భసంచి ముఖం పూర్తిగా తెరుచుకోవడానికే 26 గంటలు పట్టింది. మంగళవారం రాత్రి తొమ్మిదయింది. ఇక బిడ్డ బయటికి రావడమే మిగిలింది. నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి, వాటిలో పట్టు లేదు. క్రాఫ్ట్, యువరాణి వైద్యుడు మాథ్యూ బెయిలీ ఆలోచించి డాక్టర్ జాన్ సిమ్స్ కోసం మనిషిని పంపారు. సిమ్స్ వృక్షశాస్త్ర పత్రిక ఒకటి నడిపిన సంపాదకుడు కూడా. పరికరం వాడవలసి వస్తే చెయ్యివేయవలసింది ఆయనే. బుధవారం తెల్లవారుజామున రెండింటికి చేరాడు. చేరినవాణ్ణి పక్క గదిలోనే ఉంచారు. కాన్పు పడుతున్న మనిషిని ఆయన చూడనే లేదు.

ఫోర్సెప్స్ అనే పటకారు అప్పటికి ఉంది. దాంతో బిడ్డ తల పట్టి బయటికి తీయడం తెలిసినవాళ్ళూ ఉన్నారు. మరి ఎందుకు తీయలేదు? జవాబు ఆ వైద్యుల చుట్టరికాల్లో కొంత దొరుకుతుంది. ఆ తరం వైద్యులకు ప్రసూతి పాఠం చెప్పిన గురువు థామస్ డెన్మన్. ఆయన కవల కూతుళ్ళలో ఒకామెను క్రాఫ్ట్, ఇంకొకామెను బెయిలీ చేసుకున్నారు. తోడల్లుళ్ళు ఇద్దరూ ఒకే మంచం పక్కన నిలబడి ఉన్నారు. బిడ్డ తల కిందికి దిగి ఆరు గంటలు కదలకుండా ఆగితే తప్ప పటకారు ముట్టవద్దన్నది మామగారి సూత్రం. అంతకుముందు తరంలో పటకారు పట్టినవాళ్ళు తల్లుల్నీ బిడ్డల్నీ చీల్చి చంపిన ఘటనలు చాలా చూసి పెట్టుకున్న నియమం అది. చేతులు శుభ్రంగా కడుక్కోవాలన్న జ్ఞానం కూడా లేని కాలంలో ఆ జాగ్రత్తకు అర్థం ఉంది. బెయిలీ మేనమామ విలియం హంటర్ తాను వాడకుండా తుప్పుపట్టిన పటకారును శిష్యులకు చూపించి గర్వపడేవాడని చెబుతారు. అలాంటి బడిలో చదువుకున్న క్రాఫ్ట్ ఆ రోజంతా ఎదురుచూశాడు. కాన్పు నెమ్మదిగానైనా సాగుతోందని నమ్మాడు. బయటి గదిలో మంత్రులు కునికిపాట్లు పడుతున్నారు. లోపల షార్లెట్ ఇచ్చిన మాట నిలబెట్టుకుంటోంది. లియోపోల్డ్ చెయ్యి వదలకుండా పక్కనే ఉన్నాడు.

ఇంకో 24 గంటలు గడిచాయి. బుధవారం, నవంబరు 5, రాత్రి తొమ్మిదింటికి బిడ్డ పుట్టాడు. మగపిల్లాడు. తొమ్మిది పౌన్లు, అంటే నాలుగు కిలోల పైచిలుకు. చక్కటి ఒళ్ళు, రాజవంశపు పోలికలు. ఊపిరి లేదు. వేడినీళ్ళలో ముంచారు, నోట్లోకి గాలి ఊదారు, ఉప్పుతో ఆవపిండితో ఒళ్ళు రుద్దారు. పిల్లాడు కదలలేదు. సాక్ష్యానికి వచ్చిన పెద్దమనుషులు వాణ్ణి చూసి, తల్లి క్షేమమేనని విని బండ్లెక్కారు.

షార్లెట్ ఆ మాట నిబ్బరంగా విన్నది. దైవేచ్ఛ అన్నది. మాయ తనంతట తాను పడకపోతే క్రాఫ్ట్ చేత్తో తీశాడు. ఆమెకు కాస్త ఆహారం పట్టించారు. యాభై గంటలు కూర్చున్నచోటు నుంచి లేవని లియోపోల్డ్ నిద్రమందు వేసుకుని పక్క మీద వాలిపోయాడు.

అర్ధరాత్రి దాటింది. షార్లెట్‌కు వాంతులు పట్టుకున్నాయి, కడుపులో నొప్పి అంది. క్రాఫ్ట్ పరుగున వచ్చి చూస్తే ఒళ్ళు చల్లబడింది, ఊపిరి అందడం లేదు, రక్తం పోతోంది. కాపడం పెట్టారు. ద్రాక్షసారా పట్టించారు. రక్తం ఆగలేదు. స్టాక్‌మార్‌ను లేపి, లియోపోల్డ్‌ను పిలుచుకు రమ్మన్నారు. మందు మత్తులో ఉన్న లియోపోల్డ్ లేవలేదు. స్టాక్‌మార్ ఆమె గదిలోకి వెళ్ళాడు. ఇన్ని నెలలూ ఆమె వైద్యంలో వేలు పెట్టకుండా దూరం నిలబడ్డ మనిషి చెయ్యిని ఆమె గట్టిగా పట్టుకుంది. వీళ్ళు తనకు తాగించి మత్తెక్కించారని అంది. ఆయన మళ్ళీ లియోపోల్డ్‌ను లేపడానికి బయటికి వస్తున్నాడు. "స్టాకీ! స్టాకీ!" అని వెనక నుంచి కేక వినబడింది. తిరిగి లోపలికి వెళ్ళేసరికి ప్రాణం పోయింది. గురువారం, నవంబరు 6, తెల్లవారుజామున రెండున్నర ప్రాంతం.

ఆమె ఎందువల్ల చనిపోయిందో వైద్యులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కాన్పు తర్వాతి రక్తస్రావం అని ఎక్కువమంది అంటారు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని కొందరు. రక్తస్రావమే నిజమైతే ఈ కథలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఆ నరం కోసిన కత్తి. రేపు రక్తం పోగొట్టుకోబోయే మనిషి ఒంట్లోంచి ఈరోజే రక్తం తీసి పెట్టుకున్నారు. పథ్యం బిడ్డను చిన్నవాణ్ణి చెయ్యలేదు, తొమ్మిది పౌన్లతోనే పుట్టాడు. తల్లినే పలచబరిచింది. అందరూ బిడ్డ ఎంత ఉంటాడో అని చూస్తూ ఉంటే, తేదీ దాటి రెండు వారాలు గడిచాయి, నొప్పుల్లో బలం తగ్గిపోయింది, గంటలు గడిచిపోయాయి. ఆ బిడ్డ ఈ రోజుల్లో పుట్టవలసినవాడైతే తేదీ దాటాక ఇన్నాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. నొప్పులు ఎక్కించే మందు ఉంది, బిడ్డ గుండెను వింటూ ఉండవచ్చు, గంటలు మించితే పటకారో పెద్ద ఆపరేషనో ఉంది, బిడ్డ బయటపడగానే రక్తం ఆగడానికి ఇంజెక్షన్ ఉంది. నాలుగు కిలోల బిడ్డలు మామూలు కాన్పులో రోజూ పుడుతూనే ఉన్నారు.

మన దగ్గర మాత్రం రక్తం సంగతి ఇంకా తీరలేదు. దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆంధ్రలో, తెలంగాణలో కూడా అంతే. బిడ్డ ఎన్ని కిలోలు అని డాక్టర్ను నాలుగుసార్లు అడిగే ఇంట్లోవాళ్ళు పిల్లకు హిమోగ్లోబిన్ ఎంత ఉందని ఒక్కసారైనా అడిగితే బాగుండునని నా ఆశ. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, మలబద్ధకం చేస్తోందని మానేసినవాళ్ళు ఆ మాట డాక్టర్‌తో చెబితే వేరే మందో, నరంలోకి ఎక్కించే ఐరనో ఇస్తారు. కాన్పు దగ్గరపడిన ఇంట్లో నలుగురు కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి ఇది.

1817 నవంబరు 19న షార్లెట్‌ను విండ్సర్‌లో, సెయింట్ జార్జి చాపెల్‌లో పూడ్చారు, కొడుకును తోడుగా ఉంచారు. బ్రిటన్‌లో దుకాణాల్లో నల్లబట్ట అయిపోయింది. కూలివాళ్ళు కూడా చేతికి నల్లగుడ్డ కట్టుకున్నారు. వారసుడి కోసం ముసలి రాజు కొడుకులు ఒకరి వెనక ఒకరు హడావిడిగా పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళలో డ్యూక్ ఆఫ్ కెంట్ చేసుకున్నది లియోపోల్డ్ అక్కనే. వాళ్ళకు 1819 మే 24న పుట్టిన పిల్ల విక్టోరియా, ఆ తర్వాత మన దేశానికీ రాణి. విశాఖలో మనవాళ్ళు ఘోషా ఆస్పత్రి అని పిలుచుకునే ఆడవాళ్ళ ఆస్పత్రికి పెట్టిన పేరు ఆమెదే. 1853లో ఎనిమిదో కాన్పుకు విక్టోరియా క్లోరోఫాం తీసుకుంది. ఆ కాన్పులో పుట్టిన కొడుక్కి తన మేనమామ పేరు, లియోపోల్డ్ అని పెట్టుకుంది.

జనం క్రాఫ్ట్‌ను తిట్టారు. రాజకుటుంబం తప్పుపట్టలేదు, ఆయన సేవకు కృతజ్ఞత చెప్పింది. అది ఆయనకు ఊరట ఇవ్వలేదు. మూడు నెలలు తిరిగాక, 1818 ఫిబ్రవరిలో ఇంకో ఇంట్లో ఇంకో తల్లి కాన్పు చూస్తూ, ఆ నొప్పులు కూడా ఆలస్యమవుతుంటే తట్టుకోలేకపోయాడు. అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాతి తరం వైద్యులు పటకారు తొందరగా పట్టడం మొదలుపెట్టారు.

బ్రిటిష్ ప్రసూతి వైద్యుడు సర్ ఎర్డ్‌లీ హాలండ్ 1951లో ఈ కాన్పు కాగితాలన్నీ పరిశీలించి ఒక వ్యాసం రాశాడు. దానికి పెట్టిన పేరులో దీన్ని మూడు చావుల ప్రసూతి విషాదం అన్నాడు. ఆ లెక్కలో తల్లి, బిడ్డ పక్కన క్రాఫ్ట్‌ను కూడా చేర్చినందుకు హాలండ్ మీద నాకు గౌరవం.